చిన్న తరగతుల పిల్లలకు మతాలను పరిచయం చేయడం ఎలా?

మతం గురించి చిన్నపిల్లలకు ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, ఎవరి మనసూ నొప్పించకుండా ఎలా చెప్పాలి అని విశాఖపట్నంలోని తోటి ఉపాధ్యాయులు, ఆదివారం తరగతి పెట్టాలనుకునే అపార్ట్‌మెంట్ సంఘాలవారు, కొన్నిసార్లు మనవలను పెంచుతున్న అమ్మమ్మలూ తాతయ్యలూ నన్ను తరచుగా అడుగుతున్నారు. ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పిన కాలంలోనూ, ఆ తరువాత మా కాలనీ కమ్యూనిటీ హాలులో ఆదివారం తరగతి నడుపుతున్న ఈ కొన్నేళ్ళలోనూ నేను చేసి చూసిన పద్ధతిని, చేసిన పొరపాట్లతో సహా, ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఈ తరగతికి నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే. మీ దగ్గర నేర్చుకున్న పిల్లవాడు పక్కింటివారి పండుగ గురించి ఆ పక్కింటివారి ఎదుటే చెబితే, వారు విని "అవును బాబూ, మేము చేసేది ఇదే" అనాలి. కింద ఉన్న ప్రతి మెట్టూ దానికోసమే.

ముందు మీ తరగతి ఎక్కడ జరుగుతుందో చూసుకోండి

మన రాజ్యాంగంలోని 28వ అధికరణం ప్రకారం, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన చేయకూడదు. ప్రభుత్వ గుర్తింపుతోనో సాయంతోనో నడిచే బడిలో మతబోధన గానీ ఆరాధన గానీ జరిగినా, అందులో పాల్గొనమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. పిల్లలు మైనర్లు కాబట్టి వారి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి ఉండితీరాలి. ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి తెలియజెప్పడం వేరు అని, రెండోది ఈ అధికరణానికి విరుద్ధం కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి మీరు ప్రభుత్వ బడిలో పనిచేస్తున్నవారైతే పండుగల పాఠం, మన ఊరి పాఠం వచ్చినప్పుడు కింది మెట్లలో మూడు, నాలుగు, ఆరు వాడుకోండి. ప్రధానోపాధ్యాయులకు ముందుగా చెప్పి చేయండి. కాలనీ తరగతికి ఈ నియమం వర్తించకపోయినా, సమ్మతి మాత్రం అక్కడ కూడా కాగితం మీదే తీసుకోండి.

మీ సొంత మతాన్ని మీ సమాజపు పిల్లలకే నేర్పే తరగతి మీదైతే, "మనం ఇలా నమ్ముతాం" అని చెప్పే హక్కు మీకు పూర్తిగా ఉంది. ఇతరుల గురించి మాట వచ్చినప్పుడు మాత్రం ఈ పద్ధతి మీకూ పనికివస్తుంది.

కావలసినవి

- పన్నెండు నుంచి పదిహేనుమంది పిల్లలు. ఒకటి, రెండు తరగతుల వారిని ఒక జట్టుగా, మూడు నుంచి ఐదు వరకు మరో జట్టుగా కూర్చోబెట్టండి. చిన్నవారికి 25 నిమిషాలు, పెద్దవారికి 40 నిమిషాలు చాలు.
- మూత ఉన్న ఒక పెట్టె. అందులో ఇత్తడి గంట, మట్టి ప్రమిద, 108 పూసల తులసిమాల, ముస్లింలు దైవస్మరణకు వాడే 99 పూసల తస్బీ, కథోలికుల జపమాల, కొవ్వొత్తి, నమాజుకు పరచుకునే జానమాజ్, అల్లిన తెల్ల టోపీ ఉంచండి. వీటితోపాటు ఆలయం, మసీదు, చర్చి, గురుద్వారా, స్తూపం ఫోటోలు ఒక్కొక్కటి పెట్టండి.
- తిథులున్న తెలుగు గోడ క్యాలెండరు.
- మూతకు చీలిక పెట్టిన ఖాళీ స్వీటు డబ్బా. ఇది ప్రశ్నల డబ్బా.
- మీకు తెలియనిది అడిగి తెలుసుకోవడానికి వేర్వేరు ఇళ్ళకు చెందిన ముగ్గురు నలుగురు పెద్దలు. ఈ జాబితాలో అన్నింటికంటే విలువైనది ఇదే. ఏ పాఠమైనా ఆ సంప్రదాయంవారితో ఒకసారి మాట్లాడకుండా చెప్పకండి.

వేళ గురించి ఒక జాగ్రత్త. నేను మొదట ఆదివారం ఉదయం 9 గంటలకు తరగతి పెట్టాను. రెండు వారాలు గడిచాక చూస్తే క్రైస్తవుల పిల్లలు ఒక్కరూ లేరు. ఆ వేళకు వాళ్ళంతా ఆరాధనకు వెళ్ళి ఉంటారన్న సంగతి నాకు తట్టనే లేదు. అప్పటినుంచి సాయంత్రం 4 గంటలకు మార్చాను.

1. తల్లిదండ్రులకు ఉత్తరం రాయండి

వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పెట్టి ఊరుకోవద్దు. ఒక పేజీ ఉత్తరం రాసి సంతకం తీసుకోండి. నేను వాడే ఉత్తరం ఇది. మీకు తగినట్టు మార్చుకోండి.

"తల్లిదండ్రులకు నమస్కారం. ఈ తరగతిలో మన ఊరిలో ఉన్న వివిధ మతాలవారి పండుగలు, ప్రార్థనా స్థలాలు, కథలు పరిచయం చేస్తాము. ఏ మతాన్నీ ఆచరించమని గానీ మానుకోమని గానీ పిల్లలకు చెప్పము. తరగతిలో పూజ, ప్రార్థన చేయించము. నివేదించిన ప్రసాదాలు పంచము. మీ ఇంటి ఆచారం గురించి మేము తప్పు చెప్పినట్టు అనిపిస్తే దయచేసి మాకు తెలియజేయండి, మరుసటి వారమే తరగతిలో సరిదిద్దుతాము. ఏ పాఠానికైనా, ఏ యాత్రకైనా మీ పిల్లలను పంపడం ఇష్టం లేకపోతే ఇక్కడ రాయండి. కారణం చెప్పనవసరం లేదు."

చివరి వాక్యం తీసేయకండి. కారణం అడగరన్న నమ్మకం కుదిరిన తరువాతే చాలామంది పిల్లలను పంపుతారు. ఆహారం విషయంలో పడనివి, తినకూడనివి కూడా ఇదే కాగితంలో అడిగి తెలుసుకోండి.

2. నాలుగు వాక్యాలు గోడకు అంటించండి

పెద్ద అక్షరాలతో ఈ నాలుగు మొదళ్ళు రాసి పిల్లలకు ఎదురుగా అంటించండి:

"మా ఇంట్లో ఇలా చేస్తాం..."
"కొందరి ఇళ్ళలో ఇలా చేస్తారు..."
"...వారు ఇలా నమ్ముతారు."
"ఈ కథలో ఇలా ఉంది..."

మీరూ, పిల్లలూ తరగతిలో మాట్లాడే ప్రతి మాటా వీటిలో ఒకదానితో మొదలుకావాలి. "ప్రహ్లాదుణ్ణి కాపాడడానికి నరసింహస్వామి స్తంభంలోంచి వచ్చాడు" అనే బదులు "ప్రహ్లాదుడి కథలో ఇలా ఉంది" అని, "యేసు మూడో రోజున లేచాడు" అనే బదులు "క్రైస్తవులు ఇలా నమ్ముతారు" అని చెప్పండి. నమ్మే ఇంటి పిల్లవాడికి దీనివల్ల ఏమీ తగ్గదు. నమ్మని ఇంటి పిల్లవాడు కూడా అదే మాటను ఇబ్బంది లేకుండా పలకగలడు. ఇక్కడ మీ సొంత మతానికి మినహాయింపు ఇవ్వకండి. సొంత మతానికి "ఇది జరిగింది" అని, ఇతరులకు "వాళ్ళు అలా అనుకుంటారు" అని గొంతు మారిస్తే పిల్లలు ఆ తేడాను వెంటనే పట్టేస్తారు.

ఆరేళ్ళ పిల్లలు మొదటి రెండు వారాలు ఈ వాక్యాలు మరచిపోతారు. మందలించకుండా గోడ వైపు చేయి చూపితే చాలు.

3. పిల్లవాడి ఇంటి నుంచే మొదలుపెట్టండి

మొదటి పాఠంలో ఏ మతం పేరూ ఎత్తవద్దు. "మీ ఇంట్లో చెప్పులతో వెళ్ళని చోటు గానీ, ప్రత్యేకంగా శుభ్రంగా ఉంచే చోటు గానీ ఏదైనా ఉందా? దాని బొమ్మ వేసుకురండి" అని అడగండి. పూజగది, వంటింటి గూట్లో దేవుడి పటం, గోడమీద కాబా చిత్రం, బైబిలు పెట్టిన బల్ల, తులసికోట, తాతగారి ఫోటో అన్నీ వస్తాయి. ఒకసారి జాలారిపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన కాగితం నిండా సముద్రమే వేసి, మధ్యలో పసుపుతో చిన్న చుక్క పెట్టింది. ఏమిటని అడిగితే "గంగమ్మ తల్లి" అంది. ఆ రోజు పాఠమంతా ఆ బొమ్మ చుట్టూనే నడిచింది.

దేవుణ్ణి నమ్మని ఇళ్ళు కూడా మన మధ్య ఉన్నాయి. ఆ ఇంటి పిల్లవాడు పుస్తకాల అలమరా బొమ్మ వేసుకొస్తే దాన్ని కూడా మిగిలినవాటి పక్కనే, అదే ఎత్తులో అంటించండి. పాడేరు వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన గిరిజన కుటుంబాల పిల్లలు మోదకొండమ్మ జాతర గురించి, ఇటుకల పండుగ గురించి చెబుతారు. పుస్తకాల్లో ఉండే నాలుగైదు మతాల పట్టికలో ఇవి ఇమడవు కదా అని పక్కన పెట్టకండి.

జాగ్రత్త: బొమ్మలు వేయించేటప్పుడు ప్రవక్త ముహమ్మద్ బొమ్మ వేయమని ఎప్పుడూ, ఏ పిల్లవాడినీ అడగకండి. ఇస్లాంకు సంబంధించిన పాఠంలో మసీదు, నెలవంక, రేఖల అల్లికలు వేయించండి.

4. పూసల పాఠం చెప్పండి

పెట్టెలో ఉన్నవాటిలో పిల్లలకు ఎక్కువ కాలం గుర్తుండేది ఈ పాఠమే కాబట్టి దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

నేలమీద శుభ్రమైన దుప్పటి పరిచి, దానిమీద ఒక పీట వేసి, తులసిమాల, తస్బీ, జపమాల మూడూ పక్కపక్కన పెట్టండి. ఏది ఎవరిదో చెప్పవద్దు. పిల్లలను చేతులు కడుక్కుని రమ్మనండి. ముగ్గురు ముగ్గురుగా వచ్చి, ఒక్కో మాలను వేళ్ళతో జరుపుతూ లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను బోర్డు మీద రాయమనండి. మొదటిసారి అందరి లెక్కలూ తప్పుతాయి. రెండోసారి చేయించండి.

తులసిమాలలో 108 పూసలు, వాటికి తోడు విడిగా ఒక పెద్ద పూస ఉంటాయి. దాన్ని మేరుపూస అంటారని, జపం చేసేవారు దాన్ని దాటకుండా మాలను వెనక్కి తిప్పుతారని చెప్పండి. కథోలికుల జపమాలలో పదేసి పూసల వరుసలు ఐదు, వాటి మధ్య విడి పూసలు, శిలువ వైపు వేలాడే చిన్న పేటలో మరికొన్ని, అన్నీ కలిపి 59 వస్తాయి. తస్బీ దగ్గర మాత్రం మీరు నోరు విప్పకండి. కిందటి ఏడాది ఒక నాలుగో తరగతి అమ్మాయి కళ్ళు మూసుకుని బొటనవేలితో పూసలు జరుపుతూ, ముప్ఫై మూడు దగ్గర ఆగి, "టీచర్, ఇక్కడ వేరే రకం పూస తగులుతోంది" అంది. మళ్ళీ జరిపింది. అరవై ఆరు దగ్గర మళ్ళీ తగిలింది. లేచి వెళ్ళి బోర్డు మీద 33 × 3 = 99 అని రాసి కూర్చుంది. మూడు రకాల స్తుతివాక్యాలను ముప్ఫై మూడేసి సార్లు తలుచుకోవడానికి ఆ ఏర్పాటు అని నేను ఆ తరువాతే చెప్పాను.

అప్పుడు "వీటన్నింటినీ ఎందుకు లెక్కపెడుతున్నారు?" అని అడగండి. జవాబులు పిల్లల నుంచే రానివ్వండి. "మరచిపోకుండా ఉండడానికి" అని కొందరు, "మధ్యలో ఆపకుండా ఉండడానికి" అని కొందరు అంటారు. రెండూ మంచి జవాబులే.

ఇక్కడ రెండు హెచ్చరికలు. తులసిమాల బదులు రుద్రాక్షమాల వాడేవారున్నారు, క్రైస్తవులందరూ జపమాల వాడరు, తస్బీ లేకుండా వేళ్ళ కణుపుల మీదే లెక్కించుకునే ముస్లింలు ఎందరో ఉన్నారు. కాబట్టి "కొందరు" అన్న మాట తప్పకుండా వాడండి. రెండోది, మాలలను మెడలో వేసుకుని ఆడనివ్వకండి. ఇంట్లో నిత్యం జపానికి వాడే మాలను తరగతికి తేవద్దని, కొత్తది కొనమని నా సలహా.

మాలలు దొరకకపోతే ఇదే పాఠాన్ని దీపంతో చెప్పవచ్చు: ప్రమిద, కొవ్వొత్తి, దర్గాలో వెలిగించే దీపం. పిల్లల చేతికి నిప్పు ఇవ్వకుండా మీరే వెలిగించండి.

ఖురాన్‌ను పాఠంలో చూపించాలంటే ముస్లిం పెద్దలు ఎవరినైనా పిలిచి, వారి చేతనే రెహల్ (గ్రంథం పెట్టే మడత పీట) మీద పెట్టించండి; నేలమీద పెట్టడం, పిల్లల చేతులు మారడం వారికి బాధ కలిగిస్తుంది. గురు గ్రంథ్ సాహిబ్‌ను తరగతికి తేవాలని ప్రయత్నించకండి. సిక్కులు ఆ గ్రంథాన్ని సజీవ గురువుగా భావిస్తారని చెప్పి ఫోటో చూపండి.

5. వారానికి ఒక్క కథ చెప్పండి

చిన్న తరగతులకు కథలో ఒక మనిషి, ఒక కష్టం, ఒక పని ఉంటే చాలు. దాహంతో ఏడుస్తున్న బిడ్డకోసం రెండు గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తిన తల్లి హాజిరా కథ, దారిన దెబ్బలు తిని పడివున్న పరాయివాడికి కట్టుకట్టిన, బైబిలులోని సమరయుని కథ, గురునానక్ కాలం నుంచి వస్తున్న లంగరులో, అంటే గురుద్వారాలో పెట్టే ఉచిత భోజనంలో, అందరూ ఒకే వరుసలో కూర్చుని తినడం, తండ్రి ఎంత బెదిరించినా హరినామం మానని ప్రహ్లాదుడి కథ పిల్లలకు బాగా నచ్చుతాయి. ఆవగింజల కోసం ఇల్లిల్లూ తిరిగిన కిసాగోతమి అనే తల్లి బౌద్ధ కథను ఐదో తరగతికి మాత్రమే చెప్పండి. మరణం ఆ కథకు ప్రాణం, ఆరేళ్ళవారికి అది బరువు.

బలి, యుద్ధం, సంహారం ఉన్న ఘట్టాలను ఒకటి, రెండు తరగతుల వారికి వర్ణించవద్దు. ప్రహ్లాదుడి కథను స్తంభం దగ్గర ఆపవచ్చు. సింహాచలం కొండమీద స్వామి ఏడాది పొడవునా చందనపు పూతలోనే ఉంటాడని, వైశాఖ శుద్ధ తదియ నాడు, అంటే అక్షయ తృతీయ రోజున మాత్రమే నిజరూప దర్శనం ఇస్తాడని చెబితే, మన ఊరి పిల్లలకు ఆ కథ ఇంటికి వచ్చినట్టు ఉంటుంది.

ఒకే వ్యక్తి రెండు మతాల గ్రంథాల్లో కనిపించినప్పుడు ఎవరి కథ చెబుతున్నారో స్పష్టంగా చెప్పండి. యేసు తల్లి మరియమ్మ పేరుతో ఖురాన్‌లో ఒక అధ్యాయమే ఉంది. అయితే యేసు గురించి ముస్లింలు నమ్మేదీ క్రైస్తవులు నమ్మేదీ ఒకటి కాదు. రెంటినీ కలిపి ఒకే కథగా చెబితే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది.

6. చంద్రుడి పట్టిక వేయించండి

ఇది మూడు నుంచి ఐదు తరగతుల వారికి. ముప్ఫై గళ్ళ కాగితం ఇచ్చి, రోజూ రాత్రి డాబా మీదికెక్కి చంద్రుడు ఎంత ఉన్నాడో ఆ రోజు గడిలో వేయమనండి. నెల తిరిగాక దాన్ని గోడ క్యాలెండరుతో సరిపోల్చండి. వైశాఖ పౌర్ణమి బుద్ధ జయంతి అని, కార్తీక పౌర్ణమికి సిక్కులు గురునానక్ జయంతి చేసుకుంటారని, ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరిప్రదక్షిణ జరుగుతుందని, మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే పౌర్ణమిని బట్టి ఈస్టర్ ఆదివారం నిర్ణయమవుతుందని, నెలవంకతో రంజాన్ నెల మొదలవుతుందని ఒక్కొక్కటిగా గుర్తుపెట్టించండి.

"రంజాన్ ఏటా ఎందుకు ముందుకు జరుగుతుంది?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పన్నెండు చాంద్రమాన మాసాలు కలిపితే దాదాపు 354 రోజులే. అందువల్ల ఇస్లామీయ సంవత్సరం ఏటా సుమారు 11 రోజులు ముందుకు వస్తుంది. తెలుగు పంచాంగంలో మాసాలు కూడా చంద్రుణ్ణి బట్టే లెక్కిస్తారు గానీ, రెండున్నర మూడేళ్ళకోసారి అధికమాసం కలుపుతారు కాబట్టి దీపావళి వేసవిలోకి జారిపోదు. ఐదో తరగతి పిల్లలకు ఇంతవరకు చెప్పవచ్చు, అంతకు మించి అవసరం లేదు.

7. చూసి రండి

మొదటి యాత్ర తొట్లకొండకు పెట్టుకోమని నా సలహా. భీమిలి దారిలో సముద్రం వైపు చూస్తూ ఉన్న ఆ కొండమీద సుమారు రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు నివసించారు. 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, విహారాలు, శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ నాణేలు కూడా బయటపడ్డాయి. వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ పేరు వచ్చింది. అక్కడ మొక్కాలా వద్దా అన్న చిక్కు ఏ ఇంటి పిల్లవాడికీ ఉండదు. కాబట్టి నడవడం, నెమ్మదిగా మాట్లాడడం, ముట్టుకోకుండా చూడడం నేర్పడానికి అది మంచి చోటు.

రెండో యాత్ర పాత నగరానికి. పోర్టు పక్కన వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న కొండ, మేరీమాత చర్చి ఉన్న రాస్ హిల్, ఇసాక్ మదీనా దర్గా ఉన్న కొండ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. మూడూ ఒకే పూట చూడగలిగినా, పిల్లల కాళ్ళ నొప్పులు చూసుకుని రెండింటితో ఆపండి. దగ్గరలోని బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరకు తీసుకెళితే, అమ్మవారి మీద పైకప్పు లేకపోవడం, భక్తులే స్వయంగా పసుపు కుంకుమలు సమర్పించడం పిల్లలు గమనిస్తారు. మార్గశిర గురువారాల్లో మాత్రం వెళ్ళకండి. ఆ రద్దీలో పిల్లల చేతులు జారిపోతాయి. అదే కారణంతో గిరిప్రదక్షిణకు కూడా చిన్నపిల్లలను తరగతి తరఫున తీసుకెళ్ళవద్దు. ముప్ఫై కిలోమీటర్లకు పైబడిన నడక అది.

వెళ్ళే ముందు వారం మీరొక్కరే వెళ్ళి అక్కడి అర్చకులను, ఫాదర్‌ను, దర్గా పెద్దలను కలిసి ఇవి అడగండి: ఏ వేళ ఖాళీగా ఉంటుంది, తలకు గుడ్డ కట్టుకోవాలా, ఆడపిల్లలు ఎంతవరకు రావచ్చు, ఫోటోలు తీయవచ్చా, పిల్లలకు పది నిమిషాలు మాట్లాడేవారు ఎవరైనా ఉన్నారా. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం వారి ప్రార్థనలకు అడ్డం వెళ్ళవద్దు.

పిల్లలకు బయలుదేరే ముందే చెప్పండి: "చూడడం అందరి పని. మొక్కడం, తీర్థం తీసుకోవడం, దువాలో (ముస్లింల వేడుకోలు ప్రార్థనలో) చేతులు చాచడం ఎవరింటి అలవాటు వారిది." కథోలికుల పూజలో సత్ప్రసాదం అప్పాన్ని దానికి అర్హత పొందిన కథోలికులకే ఇస్తారు, వరుస కదిలిందని పిల్లలు వెంటపడి నిలబడకుండా ముందుగా హెచ్చరించండి. ప్రసాదం వద్దన్న పిల్లవాణ్ణి "కొంచెం తింటే ఏమవుతుంది" అని ఒత్తిడి చేయవద్దు. మేము తిరుగు ప్రయాణంలో ఎక్కడా నివేదించని అరటిపళ్ళు, ఖర్జూరాలు పంచుతాము.

యాత్ర కుదరకపోతే ఆ చోటికి రోజూ వెళ్ళే ఒక పెద్దమనిషిని తరగతికి పిలిచి, "మీరు చిన్నప్పుడు అక్కడికి ఎలా వెళ్ళేవారు?" అని పిల్లల చేత అడిగించండి. సిద్ధాంతం అడిగించవద్దు.

8. ప్రశ్నల డబ్బా తెరవండి

నెలకొకసారి తెరవండి. పేర్లు రాయనవసరం లేదు. చీటీలు ముందు మీరు ఒంటరిగా చదువుకుని, ఆ తరువాతే తరగతిలో విప్పండి. తరచుగా వచ్చే మూడు ప్రశ్నలకు నేను చెప్పే జవాబులు ఇవి.

"దేవుడు ఉన్నాడా?" అంటే, "ఉన్నాడని చాలామంది నమ్ముతారు, లేడని కొందరు అనుకుంటారు. మీ ఇంట్లో ఏమంటారో అమ్మనీ నాన్ననీ అడిగి వచ్చి చెప్పు."

"మా దేవుడు గొప్పా, వాళ్ళ దేవుడు గొప్పా?" అంటే, "నీకు మీ అమ్మంటే ప్రాణం. నీ స్నేహితుడికి వాళ్ళమ్మంటే ప్రాణం. ఇద్దరమ్మలనూ పక్కపక్కన నిలబెట్టి కొలుస్తామా?"

"తాతయ్య చచ్చిపోయి ఎక్కడికి వెళ్ళాడు?" అన్న చీటీ వస్తే తరగతిలో చదవకండి. రాసింది ఎవరో చేతిరాత బట్టి తెలుస్తుంది. ఆ సాయంత్రమే ఇంటివారికి ఫోన్ చేయండి. జవాబు వారు చెప్పాలి, మీరు కాదు.

తరచుగా జరిగే పొరపాట్లు

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. చాలా ఏళ్ళ కిందట మూడో తరగతిలో ఒక అబ్బాయిని లేపి, "రంజాన్ గురించి నువ్వు చెప్పు నాన్నా" అన్నాను. వాడు తల దించుకుని నిలబడ్డాడు. నేను ఇంకొకసారి అడిగాను. మరుసటి రోజు వాళ్ళమ్మ వచ్చి, "ఏమీ అనుకోకండి మేడమ్, 'అమ్మా, నాకు మన పండుగ సరిగ్గా రాదా' అని రాత్రి ఏడ్చాడు" అని చెప్పింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడి మీద ఒక మతం బరువంతా పెట్టాను. అప్పటినుంచి ఎవరినీ పేరు పెట్టి లేపడం మానేశాను. చెప్పాలనుకున్నవారు చేయి ఎత్తుతారు, చెప్పేది కూడా "మా ఇంట్లో" అనే మొదలుపెడతారు.

"అన్ని మతాలూ చెప్పేది ఒకటే" అన్న మాట మంచి మనసుతో అనేదే గానీ, తరగతిలో అది పనిచేయదు. విగ్రహం పెట్టుకుని పూజించే ఇంటి పిల్లవాడూ, విగ్రహం వద్దనే ఇంటి పిల్లవాడూ పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఒకటే అని మీరంటే ఇద్దరికీ తమ ఇల్లు తప్పుగా అర్థమైందనిపిస్తుంది. తేడాలను తేడాలుగానే, మర్యాదగా చెప్పండి. పిల్లలు తేడాలకు భయపడరు.

ఒక పండుగను ఇంకొక పండుగ పేరుతో వివరించకండి. "బక్రీద్ అంటే ముస్లింల సంక్రాంతి" అంటే రెండింటి గురించీ ఏమీ చెప్పనట్టే.

"అలా చేస్తే దేవుడు కళ్ళు పోగొడతాడు" అన్న మాట ఇళ్ళలో అలవాటుగా వస్తుంది. తరగతిలోకి రానివ్వవద్దు. పాపం, నరకం, శిక్ష వంటివి ఈ వయసులో రాత్రిపూట కలల్లోకి వస్తాయి.

ఆగస్టు 15కి ఒకరికి టోపీ, ఒకరికి పంచె, ఒకరికి శిలువ, ఒకరికి తలపాగా పెట్టి నిలబెట్టడం చాలా బడుల్లో ఆనవాయితీ. ఆ వేషాలు చూసిన పిల్లలు ముస్లిం అంటే టోపీ, సిక్కు అంటే గడ్డం అని నేర్చుకుంటారు. బదులుగా మూడో మెట్టులో వేయించిన ఇంటి బొమ్మలను ప్రదర్శనకు పెట్టండి.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి?

పరీక్ష పెట్టవద్దు, మార్కులు వేయవద్దు. రెండు నెలలు గడిచాక గోడమీది నాలుగు వాక్యాలు తీసేసి, పిల్లల మాటల్లో అవి మిగిలాయో లేదో ఒక వారం వినండి. "వాళ్ళు అంతే" అన్న మాట తగ్గి "కొందరు" అన్న మాట పెరిగితే తరగతి దారిలో ఉన్నట్టు. తల్లిదండ్రులకు ఫోన్ చేసి "ఇంటికొచ్చి ఏం చెబుతున్నాడు?" అన్న ఒక్క ప్రశ్నే అడగండి.

చివరిది పక్కింటి పరీక్ష. ప్రతి పిల్లవాడూ తనది కాని ఒక పండుగ గురించి ఐదు వాక్యాలు రాసి, ఆ పండుగ చేసుకునే ఇంటివారికి చదివి వినిపించి, వారి సంతకం తీసుకురావాలి. వెంట పెద్దవారు ఒకరు వెళ్ళాలి, ఆ ఇంటివారికి ముందుగా చెప్పి ఉండాలి. వారు "ఇది ఇలా కాదు" అంటే అది పిల్లవాడి తప్పుగా లెక్కించవద్దు. పాఠం చెప్పినవారు సరిదిద్దుకోవలసిన విషయం అది. కిందటి డిసెంబరులో ఒక ఐదో తరగతి అబ్బాయి "క్రైస్తవులందరూ జపమాల తిప్పుతూ ప్రార్థిస్తారు" అని రాసి పై అంతస్తులో ఉండే ఆంటీకి చదివి వినిపించాడు. ఆవిడ బాప్టిస్టు. "మా సంఘంలో జపమాల ఉండదు నాన్నా" అని, కేకు ముక్క చేతిలో పెట్టి పంపింది. వాడు ఆ మెట్ల మీదే కూర్చుని "అందరూ" అన్న మాటను కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో "కొందరు" అని రాసి, మళ్ళీ పైకెళ్ళి సంతకం పెట్టించుకుని వచ్చాడు.